బోధన్ దారిలో ఒక ఆదివారం.. మన జిల్లాలో కారు ఎక్కడ ఆగుతుంది?

'వైన్ టూర్‌కు పోదామా' అని మా ఇంట్లో ఎవరైనా అంటే ముందు అమ్మ మొహం మారిపోతుంది. తప్పు ఆమెది కాదు. మన దగ్గర 'వైన్స్' అంటే ఇనుప జాలీ, దాని వెనుక ఒక చెయ్యి, పక్కన పర్మిట్ రూమ్. తెలంగాణలో అలాంటి దుకాణాలు 2,620. వాటి లైసెన్సుల కోసం 2023లో తీసిన డ్రాకు 1.30 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు రూ.2 లక్షలు. డ్రాలో పేరు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. నలుగురు కలిసి తలా ఇంత వేసుకుని ఒక దరఖాస్తు పెట్టిన బ్యాచ్ మీ దోస్తుల్లోనూ ఉండే ఉంటుంది.

కాలిఫోర్నియాలో ఉండే మా పెద్దమ్మ కొడుకు మాత్రం ఈ మాటను వేరే అర్థంలో వాడతాడు. అతనిది శాన్ హోసేలో ఉద్యోగం. శనివారం పొద్దున కారు తీస్తే రెండు గంటల్లోపే నాపా లోయ. ద్రాక్షతోటల మధ్య చిన్న చిన్న ఊళ్లు. ఒక ఊళ్లో తోట చూడటం, ఇంకో ఊళ్లో కూర్చుని తినడం, చీకటి పడేలోపు ఇల్లు. తొందర ఉండదు. నిజానికి అన్న మందు ముట్టడు. అయినా ఇంటికి ఎవరొచ్చినా అక్కడికే తీసుకెళ్తాడు.

మొన్న సెలవుల్లో నిజామాబాద్ వచ్చినప్పుడు నన్ను అడిగాడు: "ఒక్క రోజు ఖాళీ ఉంది తమ్మీ. మన దిక్కు అట్ల నిమ్మళంగా తిరిగొచ్చేది ఏమున్నది?"

వెంటనే జవాబు రాలేదు. ఆదివారం నలుగురం ఒక కారులో బయల్దేరాం. అలవాటు కొద్దీ ఆ రోజు పెట్టిన ప్రతి రూపాయినీ ఫోన్‌లో రాసుకున్నా. ఇప్పుడు మీకు చెప్పబోయేది ఆ లెక్కే. ఇది టూరిజం పేజీ కథ కదా, కెరీర్ పేజీలో ఎందుకు అనుకోకండి. బయటి కారు ఒకటి మన ఊళ్లో ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ ఆగకుండా వెళ్లిపోతుంది అన్నదానిలో మన ఉద్యోగాల సంగతి కూడా ఉంది.

తోట వెనుక ఏముంది?

ముందు నాపా, నాసిక్‌ల సంగతి చూద్దాం. ఫొటోల్లో కనిపించేది పచ్చటి తోట. కానీ పచ్చదనమే కారును ఆపేస్తే, వరి నాట్ల సమయంలో మన వర్ని, రుద్రూరు రోడ్ల మీద ట్రాఫిక్ జామ్ కావాలి.

నాపాలో రాబర్ట్ మొండావి తన వైనరీని 1966లో పెట్టాడు. వచ్చినవాళ్లకు తయారీ చూపించడం, రుచి చూపించడం అన్నది వ్యాపారంలో భాగమని ముందుగా గట్టిగా నమ్మినవాళ్లలో ఆయన ఒకడు. 1968లో ఆ కౌంటీ ఒక కఠినమైన నిర్ణయం తీసుకుంది. లోయలోని సాగుభూమిని చిన్న ముక్కలు చేసి ఇళ్ల ప్లాట్లుగా అమ్మకుండా రక్షిత వ్యవసాయ ప్రాంతంగా ప్రకటించింది. అప్పుడు కనీస కమతం 20 ఎకరాలు, తర్వాత దాన్ని 40కి పెంచారు. 1976లో పారిస్‌లో పేర్లు కనపడకుండా జరిపిన రుచి పోటీలో నాపా వైన్లు ఫ్రెంచి వైన్లను దాటేశాయి. పేరు వచ్చింది. ఆ పేరు వచ్చేనాటికి నేల ఇంకా మిగిలి ఉంది.

మనకు దగ్గర ఉదాహరణ నాసిక్. రాజీవ్ సామంత్ స్టాన్‌ఫర్డ్‌లో చదివి, ఒరాకిల్‌లో పనిచేసి, ఉద్యోగం వదిలి కుటుంబ భూమికి తిరిగొచ్చిన ఇంజినీర్. 1999లో సులా మొదలుపెట్టాడు. మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి, అక్కడే పండిన ద్రాక్షతో అక్కడే చేసిన వైన్‌కు పన్ను ఊరట ఇచ్చింది. 2005లో సులా తోటలోనే రుచి చూసే గది తెరిచింది. ఇవాళ ముంబై, పుణె నుంచి జనం వారాంతాల్లో అక్కడికి వెళ్లి భోంచేసి, తిరుగుదారిలో ద్రాక్షలు, ఎండుద్రాక్షలు కొనుక్కుని వస్తున్నారు.

ఈ రెండు చోట్లా నాకు నాలుగు విషయాలు ఉమ్మడిగా కనిపించాయి. అక్కడే పండి, అక్కడే తయారయ్యే ఒక వస్తువు. కొత్తవాళ్లు లోపలికి రాగలిగే ఒక తలుపు. కొన్నదాంట్లో కల్తీ లేదన్న నమ్మకం. ప్లాట్లుగా మారకుండా మిగిలిన నేల. ఈ నాలుగూ జేబులో పెట్టుకుని మా ఆదివారంలోకి రండి.

డిచ్‌పల్లి నుంచి శక్కర్‌నగర్ దాకా

పొద్దున్నే డిచ్‌పల్లి రామాలయం. గుట్ట మీద గుడి, రాతి మీద అల్లినట్టున్న శిల్పాలు. అన్న అరగంట మాట్లాడకుండా చూశాడు. కిందికి దిగాక "ఈ గుడి గురించి చిన్న పుస్తకం ఏమన్నా దొరుకుతదా?" అన్నాడు. మాకు కనిపించలేదు. వెనక్కి వచ్చి నిజామాబాద్‌లో ఇడ్లీ, వడ, ఇరానీ చాయ్. నలుగురికి రూ.420.

తర్వాత బోధన్ రోడ్డు. దారిలో కాస్త పక్కకు తిరిగితే అలీసాగర్. నిజాం కాలపు చెరువు, ఒడ్డున తోట. నీడలో కాసేపు కూర్చుని మళ్లీ రోడ్డెక్కాం. బోధన్ చేరాక నేరుగా శక్కర్‌నగర్.

ఇక్కడ ఆగి కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. మంజీర మీద నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. నీళ్లొచ్చాయి కాబట్టి చెరకు వచ్చింది. చెరకు వచ్చింది కాబట్టి 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కంపెనీ వచ్చింది. ఊరు పేరే చక్కెర మీద వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా దీన్ని చెప్పుకునేవారు. సొంత చెరకు క్షేత్రాలు, క్వార్టర్లు, పక్కనే డిస్టిలరీ. మీ తాతల తరం వాళ్లను అడగండి, ఫ్యాక్టరీ సైరన్‌ను బట్టి గడియారం సరిచేసుకున్న రోజులు చెబుతారు.

చెరకుకు ఒక గుణం ఉంది. నరికాక ఎక్కువసేపు ఆగదు. ఒక రోజు దాటితే లోపలి చక్కెర తగ్గడం మొదలవుతుంది. అందుకే చక్కెర ఫ్యాక్టరీ పొలానికి దగ్గరగానే ఉండాలి. సాఫ్ట్‌వేర్ లాగా హైదరాబాద్‌కు మార్చేస్తాం అంటే కుదరదు. పంట, తయారీ, జీతం మూడూ ఒకే చోట ఉండక తప్పని వ్యాపారం అది. నాపా, నాసిక్‌లలో చూసిన మొదటి విషయం మనకు ఎనభై ఏళ్ల కిందటే ఉందన్నమాట.

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించారు. బోధన్‌తో పాటు మెదక్, మెట్‌పల్లి యూనిట్లూ ఆగిపోయాయి. చెరకు అమ్ముకునే చోటు లేకపోయేసరికి చుట్టుపక్కల రైతులు వరికి మళ్లారు. పునరుద్ధరణ కోసం 2024లో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. బోధన్ ఇంకా ఎదురుచూస్తోంది.

గేటు బయట నిలబడి అన్న అడిగాడు: "లోపలికి పోనిస్తరా?" పోనివ్వరు. నాపాలో పాత వైనరీ భవనాల్ని చూడటానికి టికెట్ పెడతారు. ఇక్కడ మూతపడిన గేటు ముందు ఒక సెల్ఫీ తీసుకుని కదిలాం. అక్కడ మా ఖర్చు సున్నా. వస్తువు పోతే తలుపు కూడా మూసుకుంటుందని ఆ గేటు ముందు నాకు అర్థమైంది.

సంగమం దగ్గర అరవై రూపాయలు

బోధన్ నుంచి రెంజల్ మండలం కందకుర్తి. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే చోటు. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. నది మధ్యలో రాతి గుడి. ఆకాశం, ఇసుక, నీళ్లు తప్ప ఇంకేమీ లేని ప్రశాంతత. మా నలుగురికీ ఆ రోజు అన్నిటికన్నా నచ్చిన చోటు అదే.

అక్కడ మేం పెట్టిన ఖర్చు చాయ్‌కి రూ.60, పూలకు రూ.20.

ఇంకో రెండు గంటలు ఉండేవాళ్లమే. కానీ ఆకలేస్తోంది. కూర్చుని తినే చోటు కనపడలేదు. కారులోని ఆడవాళ్లకు శుభ్రమైన బాత్‌రూమ్ కావాలి. అది కూడా కనపడలేదు. దాంతో బయల్దేరాం. 'మన దగ్గర చూడటానికి ఏముంది' అనే ప్రశ్నే తప్పని నాకు అక్కడ అనిపించింది. చూడటానికి చాలా ఉంది. రెండు గంటలు ఉండటానికే ఏర్పాటు లేదు.

అంకాపూర్ ఏం చేసింది?

మధ్యాహ్నం భోజనం ఆర్మూర్ దగ్గర అంకాపూర్‌లో. పేరు వినగానే మీకు నాటుకోడి గుర్తొచ్చి ఉంటుంది. కందకుర్తి నుంచి బయల్దేరగానే ఫోన్ చేశాం. "ఎన్ని కిలోల కోడి గావాలె తమ్మీ? అన్నం ఎందరికి?" రెండే ప్రశ్నలు. మేం వెళ్లేసరికి కూర తయారు. కోడి కిలోల లెక్కన, దానితో పాటు అన్నం. మా నలుగురికి రూ.1,700 అయింది. రోడ్డు పక్కన కాల్చిన మక్క కంకులు, ఇంటికి పార్శిల్ కంకులు కలిపి ఇంకో రూ.150.

అంకాపూర్‌ది అదృష్టం అనుకుంటే పొరపాటు. కోడికూరకు ముందే ఆ ఊరికి పేరుంది. దశాబ్దాల కిందటే అక్కడి రైతులు జొన్న, సజ్జ విత్తనోత్పత్తికి దిగారు. పసుపు, మక్క, కూరగాయలు వేశారు. కంపెనీలతో బేరం చేయడం, నాణ్యత పాటించడం, మాట ఇచ్చిన రోజుకు సరుకు ఇవ్వడం నేర్చుకున్నారు. పొలాలు చూడటానికి అధికారులు, శాస్త్రవేత్తలు, వేరే జిల్లాల రైతులు వచ్చేవారు. వచ్చినవాళ్లకు భోజనం కావాలి కదా. అలా ఇంటి కూర ఊరి కూరైంది. ఆ తర్వాత హైదరాబాద్‌లో కూడా 'అంకాపూర్ చికెన్' అని బోర్డులు వెలిశాయి.

అంటే వరుస గమనించండి. ముందు వ్యవసాయంలో పేరు, ఆ పేరుతో వచ్చిన జనం, ఆ జనం వల్ల వంట. వంటతో మొదలుపెట్టి ఉంటే హైవే పక్కన వంద దాబాల్లో ఇంకొకటి అయ్యేది. నాసిక్‌లోనూ ఇదే వరుస. ముందు ద్రాక్ష, తర్వాత వైన్, చివరికి రెస్టారెంట్.

రూ.3,450 లెక్క

రాత్రి ఇంటికొచ్చి కూడాను. సుమారు 150 కిలోమీటర్లకు పెట్రోల్ రూ.1,100. టిఫిన్ రూ.420. కందకుర్తి రూ.80. అంకాపూర్ రూ.1,850. మొత్తం రూ.3,450.

పెట్రోల్ డబ్బులో ఎక్కువ భాగం జిల్లా దాటి పోతుంది. మిగిలిన రూ.2,350లో నాలుగింట మూడొంతులకు పైగా ఒక్క అంకాపూర్‌కే వెళ్లింది. మేం దాదాపు రోజంతా తిరిగింది డిచ్‌పల్లి, అలీసాగర్, బోధన్, కందకుర్తి. డబ్బు ఆగింది మాత్రం చివరి గంటన్నర ఉన్న చోట.

ఇంకొక గడి కూడా రాసుకున్నా. పసుపు: సున్నా.

దేశమంతా పసుపు అంటే చెప్పుకునే జిల్లాలో రోజంతా తిరిగి, కాలిఫోర్నియా తీసుకెళ్లడానికి ఒక పావుకిలో పసుపు కొనలేకపోయాం. దారిలో పసుపు లేక కాదు. రైతు దగ్గర కొమ్ములు బస్తాల్లో ఉంటాయి. మార్కెట్ యార్డులో అమ్మకం క్వింటాళ్లలో. చివరికి సూపర్ మార్కెట్‌లో అన్న చేతిలోకి తీసుకున్న ప్యాకెట్ మీద వేరే రాష్ట్రం అడ్రస్ ఉంది. నవ్వి మళ్లీ షెల్ఫ్‌లో పెట్టేశాడు.

పసుపు బోర్డు వచ్చింది, తర్వాత?

ఈ సున్నా మీద ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, ఇప్పుడు సమయం అలాంటిది. 2019 లోక్‌సభ ఎన్నికలు గుర్తున్నాయా? పసుపు బోర్డు, మద్దతు ధర కావాలని పసుపు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లు వేస్తే నిజామాబాద్‌లో అభ్యర్థుల సంఖ్య 185కు చేరింది. ఒక్కో పోలింగ్ బూత్‌లో డజను బ్యాలెట్ యూనిట్లు వరుసగా కలపాల్సి వచ్చింది. టెక్నాలజీ మీద రాసే నాలాంటివాళ్లకు అదో ఇంజినీరింగ్ వార్త. రైతుకు అది ఆఖరి మాట.

జాతీయ పసుపు బోర్డును 2023 అక్టోబర్‌లో ప్రకటించారు. 2025 జనవరి 14న, సంక్రాంతి రోజున ప్రారంభించారు. అదే ఏడాది జూన్‌లో నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరిచారు. 2030 నాటికి వంద కోట్ల డాలర్ల ఎగుమతులు లక్ష్యం అన్నారు. కేంద్రం లెక్కల ప్రకారం 2022-23లో దేశంలో 3.24 లక్షల హెక్టార్లలో 11.61 లక్షల టన్నుల పసుపు పండింది. ప్రపంచ పసుపు వ్యాపారంలో మన దేశానిది 62 శాతానికి పైమాటే. ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఫ్యూచర్స్‌కు మూల డెలివరీ కేంద్రం కూడా నిజామాబాదే. ముంబైలో కూర్చున్న ట్రేడర్ తెర మీద మన ఊరి పేరు రోజూ కనిపిస్తుంది. మన ఊరికి వచ్చిన మనిషి చేతికే దొరకదు.

బోర్డు పరిశోధన చేయిస్తుంది, ఎగుమతులకు దారి చూపుతుంది, ప్రాసెసింగ్‌ను ప్రోత్సహిస్తుంది. కానీ ఏ బోర్డూ వచ్చి మీ ఊరి రోడ్డు మీద దుకాణం తెరవదు. అది మనం చేయాల్సిన పని.

జనవరి నుంచి మార్చి మధ్యలో ఆర్మూర్, బాల్కొండ వైపు ఒకసారి వెళ్లి చూడండి. పసుపు తవ్వుతుంటారు. కొమ్ము, మండ వేరు చేసి బాయిలర్లలో ఆవిరి మీద ఉడకబెడతారు. కల్లాల్లో రోజుల తరబడి ఎండబెడతారు. తర్వాత డ్రమ్ములో తిప్పి పాలిష్ చేస్తారు. ఊరంతా పసుపు వాసన. ద్రాక్షను తొక్కడం చూడటానికి టికెట్ కొనే మనిషి దీన్ని చూడటానికి కొనడా? చూశాక ఆ కల్లం పక్కనే ఆడించిన పొడి, ఆ రైతు పేరుతో, ఆ తేదీతో దొరికితే కొనడా?

నమ్మకం పోతే ఏమవుతుందో మనకు తెలుసు

ఇక్కడ మూడో విషయానికి వద్దాం. మన జిల్లాకు నిజంగా 'రుచి చూసే' సంప్రదాయం ఒకటి ఉంది: కల్లు. పొద్దున్నే చెట్టు కింద తాజాగా దించిన కల్లు, పక్కన గుడాలు. ఏ దేశపు టూరిస్టుకైనా నచ్చే దృశ్యమే. కానీ ఆ దారి మనమే పాడుచేసుకున్నాం. క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లు ఊళ్లలోకి వచ్చింది. 2015లో కల్తీ మీద అధికారులు ఉక్కుపాదం మోపినప్పుడు, మందు కలిపిన కల్లుకు అలవాటుపడ్డవాళ్లు అది దొరక్క వణుకుతో, పిచ్చిచూపులతో ఆస్పత్రులకు క్యూ కట్టారు. నిజామాబాద్ పేరు అప్పుడు దేశమంతా వినిపించింది, కానీ అలా.

హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. చెట్టు నుంచి చల్లగా, పులియకుండా తెచ్చి అమ్మే ప్రయత్నం అది. అందులో అసలు పని గీత కార్మికుడి నైపుణ్యం ఒక్కటే కాదు, దించిన క్షణం నుంచి చల్లదనం తెగకుండా తేవడం, ప్రతి విడతనూ పరీక్షించడం. పసుపులోనూ అంతే. మేఘాలయ లకడాంగ్ పసుపులో కర్క్యుమిన్ 7 శాతం దాటుతుందన్న ఒక్క అంకె ఆ చిన్న ప్రాంతాన్ని దేశమంతటికీ పరిచయం చేసింది. మన పసుపు ప్యాకెట్ మీద ఏ అంకె రాస్తాం? రంగు కలపలేదని, సీసం లేదని ఎవరు పరీక్షించారో ఎలా చూపిస్తాం? క్యూఆర్ కోడ్ ముద్రించడం ఐదు నిమిషాల పని. దాని వెనుక నిజమైన ల్యాబ్ రిపోర్ట్ పెట్టడమే అసలు పని. ఇంజినీర్లకు, కెమిస్ట్రీ చదివినవాళ్లకు చోటు ఉన్నది సరిగ్గా అక్కడే.

మరి మీకేం ఉద్యోగం?

గొప్పలు చెప్పను. ఇలాంటి రోజు యాత్రలు నిజాం షుగర్స్ స్థానాన్ని నింపలేవు. ఒక ఫ్యాక్టరీ ఇచ్చే నెల జీతం, పీఎఫ్, క్వార్టర్ వీకెండ్ టూరిస్టుల వల్ల రావు. మే నెల ఎండలో బోధన్ రోడ్డు మీద ఎవరూ తిరగరు. టూరిజం పేరుతో వచ్చే చాలా పనులు తక్కువ జీతపు పనులే. హైదరాబాద్ కంపెనీ వచ్చి రిసార్ట్ కడితే మనకు మిగిలేది గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ. కాబట్టి 'ఎన్ని ఉద్యోగాలు' అన్న ప్రశ్నతో పాటు 'యజమాని ఎవరు' అన్నది కూడా అడగాలి.

రాష్ట్ర ప్రభుత్వ 2025-30 పర్యాటక విధానం రూ.15,000 కోట్ల పెట్టుబడులు, 3 లక్షల ఉద్యోగాలు లక్ష్యంగా పెట్టుకుంది. ఆ డబ్బు సహజంగా పెద్ద ఊళ్ల వైపు పోతుంది. మన వైపు రావాలంటే మన దగ్గర చూపించడానికి నడుస్తున్న పని ఏదో ఒకటి ఉండాలి. చిన్నగా మొదలుపెట్టగలిగేవి ఇవి:

* ఆడించి అమ్మడం. పసుపు, కారం, మక్కపిండి, ఎర్రజొన్న. చిన్న ఆహార వ్యాపారానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రాథమిక రిజిస్ట్రేషన్ రుసుము ఏడాదికి వంద రూపాయలే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. చిన్న ప్రాసెసింగ్ యూనిట్లకు పీఎంఎఫ్ఎంఈ పథకంలో ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల దాకా రుణంతో ముడిపడిన సబ్సిడీ ఉంది. గడువు, నిధుల సంగతి జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కున్నాకే అప్పుకు దిగండి.

* దారి చూపడం. డిచ్‌పల్లి శిల్పాల గురించి, శక్కర్‌నగర్ చరిత్ర గురించి గంటసేపు తప్పుల్లేకుండా చెప్పగల మనిషి జిల్లాకు పదిమంది కావాలి. చరిత్ర, తెలుగు, ఉర్దూ చదివినవాళ్లకు ఇది సొంత మైదానం. కేంద్ర పర్యాటక శాఖ ఆన్‌లైన్‌లో టూరిస్ట్ ఫెసిలిటేటర్ కోర్సు నడుపుతోంది. పద్ధతిగా చదవాలనుకుంటే హైదరాబాద్ గచ్చిబౌలిలో నిథమ్ ఉంది.

* కలిపి నడపడం. ఒక ఇంట్లో భోజనం, ఒక కల్లంలో పసుపు, ఒక గుడి, ఒక శుభ్రమైన బాత్‌రూమ్. వీటిని ఒకే ఫోన్ నంబర్ మీద బుక్ చేసుకునేలా కలపడం. దీనికి పెద్ద యాప్ అక్కర్లేదు. అంకాపూర్ ఇప్పటికీ ఫోన్ కాల్ మీదే నడుస్తోంది. నిజామాబాద్‌లో 2023 ఆగస్టు నుంచి ఐటీ హబ్ ఉంది. అక్కడ కూర్చునే కుర్రాళ్లు వారానికి ఒక రోజు అరవై కిలోమీటర్లు తిరిగితే చాలు, ఏ సాఫ్ట్‌వేర్ అవసరమో, ఏది అనవసరమో తెలిసిపోతుంది.

మహారాష్ట్ర బారామతి ప్రాంతంలో రెండు దశాబ్దాల కిందటే వ్యవసాయ పర్యాటకం మొదలైంది. రైతులు తమ పొలంలోనే అతిథులకు భోజనం పెట్టి, బస ఇచ్చి, పని చూపించడం. అక్కడి ప్రభుత్వం 2020లో దీనికి ప్రత్యేక విధానం కూడా తెచ్చింది. అందులో నాకు నచ్చిన విషయం, యజమాని రైతే. పొలం ఉన్న మనిషికి పంట ఆదాయం మీద ఇది రెండో ఆదాయం. ఉన్నది వదులుకోవాల్సిన పని లేదు.

నేల మిగలాలి కదా

ఇక చివరిది, కష్టమైనది. నిజామాబాద్ నుంచి ఏ దిక్కు వెళ్లినా రోడ్డు పక్కన రంగు రాళ్లు పాతిన వెంచర్లు కనిపిస్తాయి. పొలం అమ్మిన రైతును తప్పుపట్టలేం. బిడ్డ పెళ్లి, గల్ఫ్ వీసా అప్పు, పంట నష్టం, ఏదో ఒకటి ఉంటుంది. చెరకు పోయాక వరి ఒక్కటే మిగిలిన చోట ఎకరం పంట కన్నా గజం ధరే ఆశ చూపిస్తుంది. నాపా 1968లో ప్లాట్లను ఆపగలిగిందంటే, అక్కడి రైతుకు భూమిని ఉంచుకుంటే లాభం ఉంటుందన్న ఆశ కనిపించింది కాబట్టి. మనం కూడా రైతుకు ఆ ఆశను ముందు చూపించాలి. వట్టి నిషేధంతో నేల మిగలదు.

అందుకే పావుకిలో పసుపు ప్యాకెట్ నాకు చిన్న విషయం అనిపించడం లేదు. కల్లం దగ్గర క్వింటా లెక్కన అమ్మే రైతు, అదే కొమ్ములో కొంత భాగాన్ని ఆడించి పేరు రాసి అమ్మితే, తేడా అతని ఇంట్లోనే ఉంటుంది. ఆడించే యంత్రం నడిపే మనిషి, పరీక్ష చేసే మనిషి, ప్యాక్ చేసే అక్క, దారి చెప్పే తమ్ముడు, వాళ్ల జీతాలు ఆ తేడాలోంచే రావాలి.

అన్న తిరిగి వెళ్లేముందు, ఆర్మూర్ దగ్గర మా దోస్తు వాళ్ల పొలం నుంచి రెండు కిలోల కొమ్ములు తెప్పించా. అమ్మ వాటిని గిర్నీలో ఆడించి, డబ్బాలో పోసి, పైన కాగితం మీద పెన్నుతో రాసింది: 'మన పసుపు'. అన్న దాన్ని సూట్‌కేస్‌లో బట్టల మధ్య పెట్టుకున్నాడు. వారం తర్వాత మెసేజ్ వచ్చింది. ఆఫీసులో ముగ్గురు అడిగారట, ఎక్కడ కొనాలని.

ఏం చెప్పాలో నాకు ఇంకా తెలియలేదు. కొనే చోటు లేదు కాబట్టి.

మీకు చిన్న పని. వచ్చే ఆదివారం మీ మండలంలోనే ఇలా ఒక రోజు తిరగండి. పెట్టిన ప్రతి రూపాయి రాసుకోండి. రాత్రి కూర్చుని, ఏ రూపాయి మీ మండలంలో ఉంది, ఏది దాటిపోయిందో గీత గీయండి. సున్నా అని రాసిన గడులు కొన్ని ఉంటాయి. వాటిలో ఒకటి మీ పని కావచ్చు.